కూరగాయల్లో మందుల అవశేషాలు: ఏ పరీక్ష ఎవరికి, ఎప్పుడు

బెండ తోటలో కాయ రోజు విడిచి రోజు కోతకు వస్తుంది. తెల్లవారుజామున కోసిన కాయ ఆ సాయంత్రానికే ఎవరో ఒకరింట కూరైపోతుంది. అదే కాయ నమూనాను ప్రయోగశాలకు పంపితే నివేదిక చేతికి రావడానికి చాలాసార్లు మూడు రోజుల నుంచి వారం దాకా పడుతుంది. అప్పటికి ఆ మడిలో మరో రెండు మూడు కోతలు ముగిసి ఉంటాయి. పురుగుమందుల అవశేషాలకు పరీక్ష చేయించాలనుకునేవారు ముందుగా ఈ లెక్కను ఎదురుగా పెట్టుకోవాలి. అన్నిటికన్నా కచ్చితమైన పరీక్ష ఏదంటే ప్రయోగశాల పరీక్షే, అందులో సందేహం లేదు. కానీ ఫలితం వచ్చాక మనం ఏం చేయగలం, అది చేయడానికి అప్పటికి సరుకు మన చేతిలో ఉంటుందా అన్న ప్రశ్నే ఎంపికను నిర్ణయించాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, దుకాణాలకు కూరగాయలు సరఫరా చేసేవారు, ఎగుమతిదారులు, తమ అపార్టుమెంటుకు నేరుగా రైతుల నుంచి కూరగాయలు తెప్పించుకుంటున్నవారు తమ అవసరానికి తగిన పరీక్షను ఎంచుకోవడానికి పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

పరిమితి అంటే ఏమిటి

ప్రతి పంటకూ, ప్రతి మందుకూ విడివిడిగా ఒక గరిష్ఠ అవశేష పరిమితి ఉంటుంది. వ్యాపారంలో దీన్ని ఎంఆర్‌ఎల్ అంటారు. మన దేశంలో ఈ పరిమితులను ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్ణయిస్తుంది. ఒక పంటపై ఒక మందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాములే వర్తిస్తుంది. ఐరోపా సంఘంలోనూ అంతే. కిలోకు 0.01 మిల్లీగ్రాములంటే 100 టన్నుల కాయలో ఒక్క గ్రాము మందు, అంటే పది టన్నులు మోసే లారీలు పదింటిలో కలిపి ఒక్క గ్రాము.

పరిమితి దాటిన కాయ తిన్న వెంటనే జబ్బు చేస్తుందని దీని అర్థం కాదు. సిఫారసు చేసిన మోతాదులో, చెప్పిన గడువు పాటించి మందు వాడితే కాయలో ఎంత మిగులుతుందో పొలాల్లో ప్రయోగాలు చేసి చూస్తారు. ఆ పంటను ప్రజలు తినే మోతాదును బట్టి అంత అవశేషం ఆరోగ్యానికి హాని చేయదని సరిచూసుకుని, ఆ తర్వాత పరిమితిని నిర్ణయిస్తారు. కాబట్టి పరిమితి దాటిందంటే సాగులో ఎక్కడో తప్పు జరిగిందన్నమాట: మోతాదు పెరిగిందో, గడువుకు ముందే కోశారో, ఆ పంటకు అనుమతి లేని మందు కొట్టారో, పక్క చేనుపై కొట్టిన మందు గాలికి వచ్చి పడిందో తేలాలి. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించినా, పత్తిపై వాడకానికి ఆ తర్వాత చాలాకాలం అనుమతి కొనసాగింది. పత్తి చేల మధ్య వంగ, మిరప మడులు ఉన్న ఊళ్లలో దాని ఫలితం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పరీక్ష కన్నా ముందు పిచికారీ పుస్తకం

ఏ పరీక్షను ఎంచుకోవాలో పిచికారీ పుస్తకమే చెబుతుంది. ఏ మడిలో, ఏ తేదీన, ఏ మందు, ఎంత మోతాదులో కొట్టారో రాసిన పుస్తకం లేకుండా కొనే పరీక్ష ఏదైనా చీకట్లో వేసే రాయి లాంటిదే. ప్రతి పరీక్షా కొన్ని మందులనే చూస్తుంది, మిగతావి దానికి కనిపించవు. మన పొలాల్లో వాడే మందులు ఏమిటో తెలిస్తేనే వాటిని పట్టుకోగల పరీక్ష ఏదో తేలుతుంది.

ఈ పుస్తకంతో మరో మేలు ఉంది. చివరి పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలో మందు డబ్బాపై వెయిటింగ్ పీరియడ్ పేరుతో రాసి ఉంటుంది. కాయతొలుచు పురుగుకు విరివిగా వాడే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీనే చూడండి. టమాటాకు 3 రోజులు ఆగితే చాలు, వంగకు 22 రోజులు ఆగాలి. మందు ఒకటే, పురుగు స్వభావమూ దగ్గరదగ్గరే, కానీ గడువు ఏడు రెట్లకు పైగా తేడా. వారానికి రెండు కోతలు కోసే వంగ తోటలో 22 రోజులు ఆగడమంటే ఆరేడు కోతలు వదులుకోవడమే, కాబట్టి ఆచరణలో ఎవరూ ఆగరు. అలాంటప్పుడు కాయ కోతకు వచ్చాక ఆ మందును వాడకపోవడమే సరైన మార్గం. పరీక్ష ఎంత మంచిదైనా ఈ చిక్కును తీర్చలేదు. పుస్తకంలో ఒక్క చూపుతో తేలిపోయే తప్పును పట్టుకోవడానికి ప్రయోగశాలకు వేల రూపాయలు కట్టడం రైతు డబ్బును వృథా చేయడమేనని నా అభిప్రాయం.

ఎంజైమ్ కార్డు

చౌకగా, పొలం దగ్గరే, అరగంటలోపు ఫలితం ఇచ్చే పరీక్ష ఇది. పురుగుల్లోనూ మనుషుల్లోనూ నరాల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ జాతుల మందులు అడ్డుకుంటాయి. ఆ గుణాన్నే ఈ కార్డు వాడుకుంటుంది. కాయ ముక్కలను ద్రావణంలో కలిపి, ఆ నీటి చుక్కను కార్డుపై వేసి కొంతసేపు ఉంచుతారు. ఎంజైమ్ సజీవంగా ఉంటే నీలం రంగు వస్తుంది. మందు దాన్ని అడ్డుకుంటే కార్డు తెల్లగానే ఉండిపోతుంది.

ఈ కార్డు పరిధి చాలా చిన్నదని అమ్మేవారు స్పష్టంగా చెప్పరు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్లు, సైపర్‌మెత్రిన్ వంటి పైరెథ్రాయిడ్లు, పైన చెప్పిన క్లోరాంట్రానిలిప్రోల్, తెగుళ్ల మందులన్నీ దీనికి కనిపించవు. ఈ రోజుల్లో కూరగాయలపై కొట్టే మందుల్లో వీటిదే పెద్ద వాటా. కాబట్టి కార్డు నీలంగా మారినంత మాత్రాన ‘మందులు లేవు’ అని బోర్డు పెట్టడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే అవుతుంది. కనిపించే జాతిలోనూ ఒక లోటుంది: క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ వంటి గంధక రూపపు మందులు నేరుగా ఎంజైమ్‌ను బలంగా అడ్డుకోలేవు. ముందుగా వాటిని ఆక్సీకరణం చేసే అదనపు మెట్టు ఉన్న కిట్టు అయితేనే అవి సరిగా బయటపడతాయి. ఏ కిట్టయినా 0.01 మిల్లీగ్రాముల స్థాయిని పట్టుకునేంత సున్నితమైనది కాదు.

దీనికి వ్యతిరేక దిశలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, కొత్తిమీర వంటి వాటిలో సహజంగా ఉండే పదార్థాలు ఎంజైమ్‌పై ప్రభావం చూపి మందు లేకున్నా ఉన్నట్టు చూపిస్తాయి. చలికాలం ఉదయాన పాకలో చేసిన పరీక్షలో ఎంజైమ్ మందకొడిగా పనిచేసి రంగు రాకపోవచ్చు. వేసవిలో ఫ్రిజ్ బయట ఉంచిన కార్డు ముందే చచ్చిపోయి ఉండవచ్చు. అందుకే ప్రతిసారీ ఒక కార్డుపై కిట్టుతో వచ్చిన ద్రావణాన్ని మాత్రమే వేసి, అది నీలంగా మారిందో లేదో ముందు చూడాలి. ఆ కార్డు మారకపోతే ఆ పూట పరీక్షకు విలువ లేదు.

ఇన్ని లోపాలున్నా దీనికి తగిన చోటు ఉంది. ప్రొఫెనోఫాస్, డైక్లోర్వాస్ వంటి విషతీవ్రత ఎక్కువున్న మందులు కొట్టి వెంటనే కోసిన కాయను లోడ్ కాకముందే ఆపగలిగేది ఈ కార్డే. డైక్లోర్వాస్, ట్రయాజోఫాస్, ఫోరేట్‌లను మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు. పాత నిల్వలు ఇంకా వాడుతున్నారన్న అనుమానం ఉన్న ప్రాంతంలో సేకరణ కేంద్రం దగ్గర కార్డు పెట్టుకోవడం సమంజసమే. తెల్లగా ఉండిపోయిన లాట్‌ను పక్కన పెట్టి ప్రయోగశాలకు పంపాలి. కార్డు ఒక్కదాని ఆధారంగా రైతుపై నింద వేయకూడదు.

స్ట్రిప్ పరీక్ష

గర్భ నిర్ధారణ స్ట్రిప్‌లాగే ఉండే ఈ పరీక్ష ఒక్కో మందుకు, లేదా దగ్గరి మందుల చిన్న కుటుంబానికి తయారు చేసినది. ఎంజైమ్ కార్డుకు కనిపించని ఇమిడాక్లోప్రిడ్, కార్బెండాజిమ్ వంటివాటిని ఇది పట్టుకోగలదు. ఫలితం చదవడంలో మాత్రం కొత్తవారు పొరబడతారు: వీటిలో చాలావాటికి పరీక్ష గీత స్పష్టంగా ఉంటే మందు లేనట్టు, గీత మసకబారినా మాయమైనా మందు ఉన్నట్టు. సంఘంలో అందరూ రెండు మూడు మందులే వాడతారని పుస్తకం చెబుతున్నప్పుడు స్ట్రిప్ మంచి ఎంపిక. ఒక్కో రైతు ఒక్కో దుకాణదారు మాట విని పది రకాల మందులు కొడుతుంటే స్ట్రిప్‌లు కొనడం దండగ. కొనే ముందు ఆ స్ట్రిప్ ఏ స్థాయి నుంచి మందును చూపుతుందో అడిగి, అది మన పంటకున్న పరిమితికన్నా తక్కువగా ఉంటేనే తీసుకోవాలి.

ప్రయోగశాల పరీక్ష

ఇప్పుడు ఎక్కువ ప్రయోగశాలలు 2003లో ప్రచురితమైన కెచర్స్ అనే పద్ధతిని వాడుతున్నాయి. నమూనా అంతటినీ మెత్తగా రుబ్బి, అందులో 10 నుంచి 15 గ్రాములు తీసి, అసిటోనైట్రైల్ ద్రావణమూ లవణాలూ కలిపి గట్టిగా కుదుపుతారు. పైకి తేలిన ద్రావణాన్ని పొడులతో శుద్ధి చేసి యంత్రంలోకి పంపుతారు. యంత్రాలు రెండు రకాలు. ఆర్గానోక్లోరిన్లు, పైరెథ్రాయిడ్లలో చాలావాటికి జీసీ-ఎంఎస్‌ఎంఎస్ అనుకూలం. నియోనికోటినాయిడ్లకు, కార్బమేట్లకు, క్లోరాంట్రానిలిప్రోల్ వంటివాటికి ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ కావాలి. ఒక్క యంత్రంతో చేసే చౌక ప్యాకేజీని ఎంచుకుంటే సగం మందులు జాబితాలోనే ఉండకపోవచ్చు.

రెండు యంత్రాలూ ఉన్నా కొన్ని మందులు ఈ ఉమ్మడి పరీక్షలో దొరకవు. వీటిలో ముఖ్యమైనది మాంకోజెబ్. టమాటా, మిరప రైతులు తెగుళ్లకు ఎంతో తరచుగా వాడే ఈ మందును ఆమ్లంతో విడగొట్టి, వెలువడే కార్బన్ డైసల్ఫైడ్‌ను కొలిచే ప్రత్యేక పరీక్షతోనే చూడాలి. దానికి వేరే రుసుము ఉంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి వంటి పంటల్లోని సహజ గంధకం వల్ల కూడా కొంత కార్బన్ డైసల్ఫైడ్ వస్తుంది కాబట్టి ఆ పంటల్లో తక్కువ అంకె కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. గ్లైఫోసేట్, పారాక్వాట్ వంటి కలుపు మందులకూ విడి పద్ధతులే ఉన్నాయి.

ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలల సామర్థ్యానికి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకుంటే సరిపోదు. ఆ గుర్తింపు ఏ పంటలకు, ఏ మందులకు వర్తిస్తుందో చెప్పే జాబితాను అడిగి తెప్పించుకుని, పిచికారీ పుస్తకంలోని పేర్లన్నీ అందులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. తర్వాత, ఒక్కో మందును కనీసం ఎంత స్థాయి వరకు నమ్మకంగా కొలవగలరో అడగాలి. దాన్ని ఎల్‌ఓక్యూ అంటారు. పరిమితి 0.01గా ఉన్న మందును 0.05 వరకే కొలవగల ప్రయోగశాల నివేదికలో ‘బీఎల్‌క్యూ’ (కొలవగల స్థాయికన్నా తక్కువ) అని రాసిస్తే, 0.04 ఉన్నా అదే మాట వస్తుంది. ఆ కాగితం చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, కానీ దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

నివేదికలో రైతు ఎన్నడూ కొట్టని మందు పేరు కనిపిస్తే అతను అబద్ధమాడాడని తొందరపడకూడదు. ఎసిఫేట్ మొక్కలో కొంత మేర మెథమిడోఫాస్‌గా మారుతుంది, కాబట్టి ఎసిఫేట్ మాత్రమే కొట్టిన రైతు కాయలోనూ మెథమిడోఫాస్ కనిపిస్తుంది. బయో మందు పేరుతో అమ్మే కొన్ని సీసాల్లో రసాయన మందు కలిపి ఉంటుందన్నది తెలుగు రాష్ట్రాల రైతులకు కొత్త సంగతి కాదు. అటువంటి సందర్భంలో మోసపోయినవాడు రైతే. అందుకే ప్రకృతి సాగు పేరుతో అమ్మే సంఘాలు వాడిన సీసాలను పారేయకుండా బ్యాచ్ నంబరుతో సహా ఉంచుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

నమూనా తీయడం

లక్షల విలువైన యంత్రం కూడా తప్పుగా తీసిన నమూనాను సరిదిద్దలేదు. ఒకే మడిలో ఒక మొక్కపై మందు ఎక్కువగా, మరోదానిపై తక్కువగా పడుతుంది, కాయకూ కాయకూ అవశేషం మారుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1999 మార్గదర్శకం ప్రకారం లాట్ 50 కిలోల లోపు ఉంటే మూడు చోట్ల నుంచి, 500 కిలోల వరకు ఐదు చోట్ల నుంచి, అంతకు మించితే పది చోట్ల నుంచి తీసి కలపాలి. బెండ, టమాటా, వంగ వంటివి కనీసం ఒక కిలో, సొర, క్యాబేజీ వంటి పెద్దవైతే కనీసం ఐదు కాయలతో రెండు కిలోలు ఉండాలి. నమూనాను కడగకూడదు, తుడవకూడదు, మందు డబ్బాలు పట్టుకున్న చేత్తో ముట్టుకోకూడదు. శుభ్రమైన కవరులో వేసి, లాట్ నంబరు రాసి, చల్లగా ఉంచి అదే రోజు పంపాలి.

ఖర్చు తగ్గించుకోవడానికి ఐదుగురు రైతుల కాయను కలిపి ఒకే నమూనాగా పంపే పద్ధతి సంఘాల్లో ఉంది. ఇది కొన్నిచోట్ల మంచి ఉపాయం, కొన్నిచోట్ల ప్రమాదం. పరిమితి 0.5గా ఉన్న మందు విషయంలో ఐదు నమూనాలు కలిపితే, ఉమ్మడి ఫలితం 0.1 లోపు ఉన్నంతవరకు ఏ ఒక్కరూ పరిమితి దాటలేదని నిశ్చయంగా చెప్పవచ్చు, 0.1ని ఏ మంచి ప్రయోగశాలైనా కొలవగలదు. పరిమితి 0.01గా ఉన్న మందులో ఈ లెక్క చెల్లదు. ఒక రైతు కాయలో 0.04 ఉండి మిగతా నలుగురి కాయలో ఏమీ లేకపోతే ఉమ్మడి అంకె 0.008 అవుతుంది, నివేదిక అంతా బాగున్నట్టే చూపుతుంది. అనుమతి లేని మందులను వెతకాలంటే విడి నమూనాలే పంపాలి.

ఎవరికి ఏది

రైతు బజార్లకూ, అపార్టుమెంట్లకూ సరఫరా చేసే సంఘం ఒకటి ఉందనుకుందాం: నలభై మంది రైతులు, ఒక సీజన్‌లో ఆరు ప్రయోగశాల పరీక్షలకు మించి డబ్బు లేదు. ఆ ఆరింటినీ కోసిన సరుకును ఆపడానికి వాడలేరు, ఎందుకంటే నివేదిక వచ్చేసరికి సరుకు ఉండదు. వాటిని రైతుల సాగు పద్ధతిని సరిచూసుకోవడానికి వాడాలి. నాలుగింటిని ప్రమాదం ఎక్కువున్న మడుల నుంచి తీయాలి: పురుగు ఉధృతి ఉన్న వారాల్లోని వంగ, బెండ, మిరప, చివరి పిచికారీకీ కోతకూ తేడా అతి తక్కువగా ఉన్నవి, పత్తి చేను పక్కనున్నవి. మిగతా రెండింటినీ చీటీ తీసి ఎంచాలి, ఎందుకంటే పుస్తకంలో రాయని తప్పు ఎక్కడుందో మనకు ముందే తెలియదు. మొదటి కోతకు వారం పది రోజుల ముందు లేత కాయ నుంచి నమూనా తీస్తే, నివేదిక వచ్చాక ఆ మడి కోతను వాయిదా వేసుకునే వీలు ఉంటుంది. రోజువారీ కాపలా పనికి మాత్రం పిచికారీ పుస్తకం, అవసరమైన చోట కార్డు చాలు.

ఐరోపాకు బెండ, కరివేపాకు పంపేవారికి ఎంపిక స్వేచ్ఛ తక్కువ. భారత్ నుంచి వెళ్లే ఈ రెండింటినీ ఐరోపా సంఘం 2019/1793 నియమం కింద అదనపు తనిఖీల జాబితాలో చేర్చింది. వారికి ప్రతి లాట్‌పై రెండు యంత్రాల పరీక్ష తప్పదు, కార్డులతో కాలం వృథా చేసుకోకూడదు. అక్కడి ప్రయోగశాలలు ఫలితానికి 50 శాతం అనిశ్చితిని, అంటే అసలు అంకె అంత మేర అటూఇటూ ఉండవచ్చన్న సంగతిని, లెక్కలోకి తీసుకుంటాయి. అందువల్ల మన ప్రయోగశాలలో పరిమితి దగ్గరగా వచ్చిన అంకెను చూసి ధైర్యపడకుండా, పరిమితిలో మూడింట రెండు వంతులకు మించితే లాట్‌ను పంపకూడదని సొంత నియమం పెట్టుకోవడం మేలు. వెనక్కి వచ్చిన ఒక్క కంటైనర్ నష్టం ఎన్నో సీజన్ల పరీక్షల ఖర్చును మించుతుంది.

ఇంటికి కొనుక్కునే వినియోగదారు విడిగా పరీక్ష చేయించడం చాలా సందర్భాల్లో అనవసరం. అయినా అనుమానం బలంగా ఉంటే 2006 ఆహార భద్రతా చట్టంలోని 40వ సెక్షన్ కొనుగోలుదారుకు ఒక హక్కు ఇచ్చింది: పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పి, రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టుకు నమూనా ఇస్తే 14 రోజుల్లో నివేదిక పొందవచ్చు. రెండు శాతం ఉప్పు నీటిలో కాసేపు ఉంచి కడగడం పైపైన అంటుకున్న మందును కొంత తగ్గిస్తుంది. మొక్క రసంలో కలిసిపోయే ఇమిడాక్లోప్రిడ్ వంటివాటిపై దీని ప్రభావం చాలా తక్కువ. దేశవ్యాప్తంగా 2005-06 నుంచి కేంద్ర వ్యవసాయ శాఖ నడుపుతున్న అవశేషాల పర్యవేక్షణ పథకం మొత్తం పరిస్థితిని చూపుతుంది, మన బుట్టలోని కాయ సంగతి చెప్పదు.

పరిమితి దాటిందని నివేదిక వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే కాగితంపై రాసుకోని సంఘం పరీక్షలకు డబ్బు పెట్టకూడదు. ఆ మడి కోత ఎన్ని రోజులు ఆపాలి, ఆపిన రోజుల నష్టాన్ని రైతు ఒక్కడే భరించాలా లేక సంఘం పంచుకుంటుందా, మళ్లీ నమూనా ఎప్పుడు తీయాలి అన్నవి రైతులందరి సమక్షంలో, సీజన్ మొదలయ్యే ముందే తేల్చుకోవాలి. నష్టమంతా తనపైనే పడుతుందని తెలిసిన రైతు మరుసటి సీజన్‌లో పిచికారీ పుస్తకంలో నిజం రాయడు. ప్రయోగశాలకు పంపిన ప్రతి నమూనాలోనూ సగాన్ని సంచిలో కట్టి, సీలు వేసి, రైతు సంతకంతో డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే, ఫలితంపై అభ్యంతరం వచ్చినప్పుడు రెండో ప్రయోగశాలకు పంపడానికి అది చేతిలో ఉంటుంది.